ప్రశ్నలిటు, జవాబులటు

చిత్రావతి విశ్వవిద్యాలయం వారు తత్త్వశాస్త్ర విభాగాన్ని రెండు ముక్కలు చేసిన నాటికి నల్లమాడ కదిరప్ప పరిశోధన గడువు సరిగ్గా నాలుగు నెలల పదకొండు రోజులు మిగిలి ఉంది. మార్చి ముప్పై ఒకటి దాటితే ఎనిమిదేళ్ళ రిజిస్ట్రేషన్ రద్దయిపోతుంది. అప్పటికే రెండుసార్లు పొడిగించారు. మూడోసారి బ్రహ్మదేవుడు వచ్చి సిఫారసు చేసినా కుదరదని రూలు.

విభాగాన్ని ముక్కలు చెయ్యాలన్న ఆలోచన ఎవరి బుర్రలోనూ పుట్టలేదు. అది ఒక భోజనం తర్వాత పుట్టింది. తనిఖీ బృందం వచ్చింది. రాగిసంగటి, చెనిక్కాయల ఊరిమిండి పచ్చడి తిని తృప్తిగా ఉన్న ఒక సభ్యుడు ఎం.ఎ. సిలబస్ తిరగేసి, "ఇందులో ఉన్నవాళ్ళంతా పోయినవాళ్ళేనా?" అని అడిగాడు. అవునన్నారు. "భౌతికశాస్త్రంలో పాతది తప్పని తేలితే తీసేస్తారు కదా. మీరు రెండున్నర వేల ఏళ్ళుగా ఒక్కటీ తీసెయ్యలేదా?" అని ఆయన మళ్ళీ అడిగి, సోంపు నోట్లో వేసుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

వైస్ చాన్సలర్ గారికి తల కొట్టేసినట్టయింది. ఆయన మట్టి గట్టిదనం కొలిచే శాస్త్రంలో పెద్దవారు. ఆ శాస్త్రంలో ఒకరు చెప్పింది ఇంకొకరు కొట్టేసి ముందుకు పోతారు. ఈ తత్త్వశాస్త్రం వాళ్ళు మాత్రం ఎవరినీ కొట్టెయ్యరు, అందరినీ వెంటేసుకుని తిరుగుతారు. పండగనాడూ పాత మొగుడేనా అని ఆయన మండిపడ్డారు. వారం తిరగకుండా ఉత్తర్వు వచ్చింది.

ఇకమీదట తత్త్వశాస్త్రం వేరు, తత్త్వశాస్త్ర చరిత్ర వేరు అని ఉత్తర్వు సారం. ప్రశ్నలన్నీ తత్త్వశాస్త్ర విభాగానికి చెందును. ఇప్పటికే ఇవ్వబడిన జవాబులన్నీ చరిత్ర విభాగానికి చెందును. జీవించియున్న తత్త్వవేత్తలు మొదటివారికి, గతించినవారు రెండోవారికి. బల్లలు, కుర్చీలు, బీరువాలు, భావనలు యాభై ఎనిమిది, నలభై రెండు నిష్పత్తిలో పంచబడును. ఆ నిష్పత్తి ఎక్కడిదని ఎవరూ అడగలేదు. తెలుగునాట ఏది పంచుకోవాల్సి వచ్చినా ఆ అంకెలే నోటికొస్తాయి.

నవంబరు ఇరవైని 'నిర్ణీత దినం'గా ప్రకటించారు. ఆ రోజుకల్లా పెద్ద హాలు మధ్యలో గోడ లేచింది. హాల్లో ఏడు ఫ్యాన్లున్నాయి. నిష్పత్తి ప్రకారం ఏడో ఫ్యాను ఎవరికి పోవాలో తేలక, గోడను దాని కిందివరకు కట్టి ఆపేశారు. దాంతో ఆ ఫ్యాను గాలి రెండు శాస్త్రాలకూ తగిలేది.

సమస్యల్లా ఆ సందులోంచి మాటలు కూడా తగలడం. ఇటు తత్త్వశాస్త్రం గదిలో ఒక యువ ఆచార్యుడు నిలబడి, "మనిషికి స్వేచ్ఛ ఉందా?" అని అడిగి కూర్చునేవాడు. ఆయన పని అంతే. పిల్లలు గంట కొట్టేదాకా ఆ ప్రశ్న మొహం చూస్తూ కూర్చుని, తర్వాత వరండా చుట్టూ తిరిగి చరిత్ర గదికి పోయేవాళ్ళు. అక్కడ, "అవును, కాని కొంతమేరకే," అని రాయించేవారు. దేనికి అవునో, ఏది కొంతమేరకో చెప్పే అధికారం వాళ్ళకు లేదు. ఫ్యాను సందు దగ్గర కూర్చున్న పిల్లలకు మాత్రం రెండూ వినపడేవి. ఇది విభజన స్ఫూర్తికి విరుద్ధమని రిజిస్ట్రారు వీరభద్రం గారు మెమో ఇచ్చి, ఆ ఫ్యానును ఎల్లవేళలా పూర్తి వేగంతో తిప్పవలెనని ఆదేశించారు. డిసెంబరు చలిలో ఆ పిల్లలు దుప్పట్లు కప్పుకుని తత్త్వశాస్త్రం నేర్చుకున్నారు.

కదిరప్ప ఈ తమాషా అంతా చూసి మొదట నవ్వుకున్నాడు. తన దాకా రాదనుకున్నాడు పాపం.

అతని సిద్ధాంతగ్రంథానికి ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. చనిపోయినవాళ్ళకు ఇచ్చిన మాటకు బతికున్నవాళ్ళు కట్టుబడి ఉండాలా? ఏడు అధ్యాయాల్లో ఈ ప్రశ్నకు ఏ కాలంలో ఎవరు ఏం చెప్పారో రాశాడు. ఎనిమిదో అధ్యాయంలో తాను ఏమనుకుంటున్నాడో రాశాడు.

ఆ ప్రశ్నను అతని చేతిలో పెట్టింది ఆచార్య శేషఫణి గారు. సన్నగా, ఎప్పుడూ చెవిలో పెన్సిలుతో ఉండే మనిషి. ఎవరు ఏది రాసుకొచ్చినా అంచుల్లో పెన్సిలుతో ఒక ప్రశ్న రాసి తిరిగిచ్చేవారు. జవాబు మాత్రం ఆయన చేత్తో రాసింది ఎవరూ చూడలేదు. రెండేళ్ళ కిందట ఊపిరితిత్తుల జబ్బుతో ఆస్పత్రిలో పడ్డారు. కదిరప్ప ఎనిమిదో అధ్యాయం చిత్తుప్రతి పట్టుకెళ్ళాడు. ఆయన రెండు రోజులు చదివారు. కాగితాలు తిరిగిస్తూ, ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, "ఏడు అధ్యాయాలు వాళ్ళవి, ఇది నీది. ఇది లేకుండా బైండింగ్ చేయించొద్దు. నాకు మాటివ్వు," అన్నారు. కదిరప్ప ఇచ్చాడు. హాస్టలుకు వచ్చి చూసుకుంటే ఆఖరి పేజీ అడుగున పెన్సిలు గీత ఉంది: 'ఇది నీ మాటేనా?'

మర్నాడు జవాబు చెబుదామని పోయేసరికి మంచం ఖాళీగా ఉంది.

అందుకని కదిరప్పకు ఎనిమిదో అధ్యాయమంటే డిగ్రీ కంటే ఎక్కువ. ఆ పెన్సిలు ప్రశ్న చూసి ఆర్నెల్లు కుమిలిపోయాడు. చిత్తుప్రతిని చించకుండా పక్కన పెట్టుకుని, అధ్యాయం మొత్తం మళ్ళీ రాశాడు. ఎవరి పుస్తకాలూ ముందేసుకోకుండా, వాళ్ళ ఊరి జడకోలాటంతో మొదలుపెట్టాడు.

జనవరిలో సీనియర్ అసిస్టెంట్ గంగులప్ప అతని గదికి వచ్చాడు. విభజన జాబితాలు తయారుచేసే బాధ్యత ఆయన మీద పడింది. చేతిలో పొడుగాటి రిజిస్టరు, చంకలో నల్లరంగు డబ్బా, కుంచె.

"ముప్పై ఏండ్లు కుర్చీలు లెక్క రాసినానప్పా," అన్నాడు కూలబడుతూ. "కుర్చీకైతే కాలి మీద నంబరు ఏస్తాం. ఆలోచనకు యాడ ఏసేది? నీ కాగితాలు ఇట్లియ్యి. ఏ పక్కకు ఏది పోతాదో రాసుకోని పోతా."

మొదటి ఏడు అధ్యాయాలు క్షణంలో తేలిపోయాయి. అందులోని వాళ్ళంతా గతించినవారు, చెప్పినవన్నీ జవాబులు. చరిత్రకు. ముందుమాటలో ప్రశ్న ఉంది. తత్త్వానికి. ఎనిమిదో అధ్యాయం దగ్గర గంగులప్ప రంగుకుంచె ఆగింది.

"ఇది ఎవరిది?"

"నాది."

"నువ్వు బతికుండావు. అంటే చరిత్ర తీసుకోదు. ఇది ప్రశ్న కాదు, జవాబు. అంటే తత్త్వం తీసుకోదు." ఆయన ఉత్తర్వు కాపీ రెండువైపులా తిప్పి చూశాడు. "బతికుండేవాళ్ళ జవాబుకు కాలమ్మే పెట్టలేదప్పా వీళ్ళు."

అంతటితో అయిపోలేదు. చిత్తుప్రతి ఆఖరి పేజీ తిరగేసి, పెన్సిలు గీత చూసి, గంగులప్ప నిలువునా నీరైపోయాడు. అడిగినాయన గతించారు కాబట్టి చరిత్రకు పోవాలి. కాని ఆయన అడిగింది ప్రశ్న, తత్త్వానికి పోవాలి. గంగులప్ప ఆ కాగితాన్ని కవర్లో పెట్టి, 'గతించినవారి ప్రశ్న విషయమై మార్గదర్శనం కోరుతూ' అని ఫైలు పెట్టాడు. కదిరప్ప ఇవ్వనని గట్టిగా పట్టుకున్నాడు. గంగులప్ప అతని వేళ్ళు మెల్లగా విడదీసి, "తిరిగొస్తాదిలే," అన్నాడు. అది రాదని ఇద్దరికీ తెలుసు.

దాని మీద విభజన కమిటీ మూడుసార్లు కూర్చుంది. చనిపోయినవారు ప్రశ్నలు అడగరాదని ఒకరన్నారు. ఇప్పటికే అడిగేశారని ఇంకొకరు గుర్తుచేశారు. చివరకు పంపకంలో తెగని ఆస్తికి అందరికీ తెలిసిన పరిష్కారమే దొరికింది. సదరు ప్రశ్న పదేళ్ళపాటు ఉభయులకూ ఉమ్మడిగా ఉండును. దాన్ని ఒక ఇనప బీరువాలో పెట్టి రెండు తాళాలు వేశారు. ఒక తాళంచెవి ఇటు, ఒకటి అటు.

ఫిబ్రవరిలో కదిరప్ప రిజిస్ట్రారు వీరభద్రం గారిని కలిశాడు. ఆయన చెడ్డవారు కారు. ఎదుటివాడికి సాయం చెయ్యాలనే ఉంటుంది, కాకపోతే నిబంధన సంఖ్య చెబితే తప్ప చెయ్యలేరు.

"మీ విజ్ఞప్తి సానుభూతితో పరిశీలించబడినది," అన్నారు. "ఎనిమిదో అధ్యాయమును మినహాయించి సమర్పించినచో ఏ అభ్యంతరమూ లేదు."

"అది లేకుండా బైండింగ్ చేయించనని మా సార్‌కు మాటిచ్చినాను సార్."

"ఆయన గతించారు కదా."

"నా థీసిస్ అదే సార్."

వీరభద్రం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "సరే. మరొక వెసులుబాటు గలదు. పరిశోధకుడు గతించినచో మరణానంతరం పట్టా ఇచ్చుటకు నిబంధన ఉన్నది. సదరు నిబంధన నిమిత్తము మాత్రమే, మిమ్ములను ఒక పూట గతించినవారిగా పరిగణించవచ్చును. అప్పుడు మీ జవాబు చరిత్రకు చెందును."

కదిరప్ప ఆలోచనలో పడ్డాడు. మనిషి ఎనిమిదేళ్ళు పరిశోధన చేస్తే ఒక పూట చావడం పెద్ద విషయం అనిపించదు. దరఖాస్తు కూడా నింపాడు. అడుగున 'దరఖాస్తుదారు సంతకం' అని ఉంది. గతించినవారి సంతకం చెల్లదని గుమాస్తా వెనక్కిచ్చాడు.

మార్చి వచ్చేసింది. ఎండలు ముదిరాయి. కదిరప్ప క్యాంటీన్లో చల్లారిన టీ ముందు కూర్చుని ఉంటే గంగులప్ప వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక మాట చెప్తా, తప్పుగా అనుకోవద్దు. ఎనిమిదో అధ్యాయం మీ సార్ చెప్పినాడని రాయి."

కదిరప్ప తలెత్తాడు.

"ఆయన పోయినాడు. జవాబు ఆయనదంటే చరిత్రోళ్ళు కండ్లకద్దుకోని తీసుకుంటారు. నువ్వు ఊరికే రాసుకున్నట్ల. రాత నీది, మాట ఆయనది. ముందునుంచి లోకంలో జరిగేదే ఇది. నేను ఈ రిజిస్టరు రాస్తా ఎంతమందిని చూసినా. వాళ్ళకు తోచింది వాళ్ళు చెప్పి, మా గురువు చెప్పినాడు, గురువుకు గురువు చెప్పినాడు అనేటోళ్ళే ముక్కాలు మంది. నువ్వంటే ఏంది గొప్ప?"

ఈ మాట కదిరప్పకు సూటిగా తగిలింది, ఎందుకంటే నిజం. తన ఏడు అధ్యాయాల్లోనూ అలాంటివాళ్ళు డజను మంది ఉన్నారు. కొత్తమాట చెప్పి పాతవాడి నెత్తిన పెట్టి దణ్ణం పెట్టినవాళ్ళు. వాళ్ళను మెచ్చుకుంటూ తనే రాశాడు. పైగా శేషఫణి గారి పేరు పెడితే ఆయనకూ గౌరవమే కదా అని మనసు సర్దిచెప్పింది. 'ఇది నీది' అన్న మాట మాత్రం ముల్లులా గుచ్చుతూనే ఉంది.

మార్చి తొమ్మిదిన అతను ఎనిమిదో అధ్యాయం మొదటి పేజీ మార్చి టైపు చేయించాడు. 'ఆచార్య శేషఫణి గారి దర్శనం' అని శీర్షిక పెట్టాడు. కింద సంతకం చేశాడు. తన పెళ్ళినాడు ఇంకొకణ్ణి పీటల మీద కూర్చోబెట్టినట్టు సిగ్గుపడ్డాడు. బైండింగు మాత్రం చేయించలేదు. వైవా అయ్యాక చేయిద్దామని కాగితాలను పురికొసతో కట్టి ఇచ్చాడు.

చరిత్ర విభాగాధిపతి ఆచార్య కుముదిని గారు ఆ కట్ట అందుకున్న వారంలోనే ఆ భవనంలో ఏదో జరిగింది. శేషఫణి గారు బతికున్నన్నాళ్ళూ తన గదిలో పెచ్చులూడుతున్న పైకప్పు గురించి పద్నాలుగు అర్జీలు పెట్టుకుని, ఒక్కదానికీ జవాబు లేకుండా పోయారు. ఇప్పుడు ఆ గదికి సున్నం వేసి, ఆయన ఫోటోకు చందనపు దండ వేసి, 'శేషఫణి అధ్యయన పీఠం' అని బోర్డు పెట్టారు. మూడు రోజుల సదస్సు పెట్టారు. పేరు 'అష్టమాధ్యాయ దర్శనం'. ఆయనతో ఇరవై ఏళ్ళు కలిసి పనిచేసి పలకరించని వాళ్ళు, ఆయన మౌనంలోనే తాము ఆ లోతును పసిగట్టామని ప్రసంగాలు చేశారు. కదిరప్ప వెనక వరసలో కూర్చుని, తన వాక్యాలు మైకులో తిరిగి రావడం విన్నాడు. తన వాక్యాలు ఇంత గంభీరంగా ఉన్నాయని అతనికి అప్పటిదాకా తెలియదు. ఆనందపడాలో ఏడవాలో తేల్చుకోలేక, ఇచ్చిన బిస్కెట్ ప్యాకెట్ తిని బయటికొచ్చాడు.

వైవా మార్చి ఇరవై ఎనిమిదిన పెట్టారు.

ప్రశ్నలు అడగడానికి గోడకు అవతలినుంచి ఆ యువ ఆచార్యుణ్ణి పిలిపించారు. జవాబు సరైందో కాదో తేల్చడం కుముదిని గారి పని. వీరభద్రం గారు అధ్యక్షత. గంగులప్ప మినిట్స్ రాయడానికి ఓ మూల కూర్చున్నాడు. బల్ల మీద ఇనప బీరువాలోంచి రెండు తాళాలూ తీసి తెచ్చిన ఆ చిత్తుకాగితం, కింద పట్టుగుడ్డ పరిచి పెట్టి ఉంది.

"అభ్యర్థి తన సొంత అభిప్రాయములు చెప్పరాదు," వీరభద్రం గారు చదివారు. "శేషఫణి గారి జవాబు మాత్రమే వివరించవలెను."

"చనిపోయినవారికి ఇచ్చిన మాటకు కట్టుబడి ఉండాలా?" అని అడిగి యువ ఆచార్యుడు కూర్చున్నాడు. ఆయన పని అయిపోయింది.

కదిరప్ప గొంతు సవరించుకున్నాడు. "జడకోలాటంలో పైనుంచి తాళ్ళు వేలాడతాంటాయి. ఒక్కొక్కరు ఒక తాడు పట్టుకుని ఆడతా జడ అల్లుతారు. మధ్యలో ఒకరు పడిపోతే పక్కనుండే మనిషి ఆ తాడు కూడా అందుకుంటాడు. వదిలేస్తే అంతవరకు అల్లిందంతా చిక్కుపడిపోతాది. చనిపోయినవాళ్ళతో మన మాట కూడా అంతే. వాళ్ళ వంతు వాళ్ళు ఆడిపోయినారు. ఇప్పుడు వంతు మనది. వాళ్ళు మళ్ళీ వచ్చి అడగలేరు కాబట్టే మనం..."

"ఆగండి," అన్నారు కుముదిని గారు. ఆవిడ ముఖంలో కోపం లేదు, జాలి ఉంది. "మీరు శేషఫణిని అక్షరార్థంలో చదువుతున్నారు. తాడు ఇక్కడ జీవాత్మకు సంకేతము. పైనున్న కొక్కెము పరతత్త్వము. ఎనిమిది తాళ్ళు అనగా అష్టాంగములు."

"మా ఊర్లో పన్నెండుంటాయి మేడం."

"మూలంలో సంఖ్య చెప్పబడలేదు. చెప్పకపోవడమే ఎనిమిదికి ధ్వని."

"అది నిజంగానే కోలాటం మేడం. మా రామాంజులన్న కండ్లు తిరిగి పడిపోతే మా చిన్నాయన రెండు తాళ్ళు పట్టుకున్యాడు. నేను చూసినా. సార్‌ది టౌను, జడకోలాటం ఆయన చూసింది కూడా లేదు."

"చూడకుండానే ఇంత లోతుగా రాశారంటే అది దర్శనం కాక మరేమిటి?" అన్నారు కుముదిని గారు. వీరభద్రం గారు తల ఊపారు. గంగులప్ప రాయడం ఆపి కదిరప్ప వైపు చూశాడు.

ఆవిడ పట్టుగుడ్డ మీది కాగితాన్ని రెండు వేళ్ళతో తమ ముందుకు జరుపుకున్నారు. "చేతిరాత శిష్యుడిది, మాట గురువుది. అనాదిగా మన సంప్రదాయం ఇంతే. కాని ఈ పెన్సిలు పంక్తి స్వయంగా శేషఫణి గారి చేతిరాత. 'ఇది నీ మాటేనా?' మహాతత్త్వవేత్త తన అంతరాత్మను తాను ప్రశ్నించుకుంటున్నారు. ఆత్మసంశయపు పరాకాష్ఠ. దీనిపై మీ గ్రంథంలో ఒక్క వాక్యం లేదు."

రెండేళ్ళుగా తనను అడుగుతున్న ఆ ప్రశ్న తనది కాదట.

తీర్పు చదివారు. అభ్యర్థి ఎనిమిదో అధ్యాయమును సరిగా అవగాహన చేసుకొనలేదు. అయినను ఆచార్య శేషఫణిపై చరిత్ర విభాగమునకు గల గౌరవము దృష్ట్యా, తన అవగాహన తప్పని అభ్యర్థి లిఖితపూర్వకంగా అంగీకరించినచో ప్రత్యేక కేటగిరీ కింద మూడు నెలల గడువు ఇవ్వవచ్చును. ఈలోగా ఎనిమిదో అధ్యాయమును నిపుణుల వద్ద చదువుకొని రావలెను.

వీరభద్రం గారు ఒక తెల్లకాగితం, తన సొంత పెన్ను అతని ముందుకు తోశారు. "రెండు వాక్యములు చాలు, కదిరప్పా," అని తగ్గు స్వరంతో అన్నారు. ఆ గదిలో అంతవరకు ఆయన నిబంధన సంఖ్య లేకుండా అన్న మాట అదొక్కటే. "ఎనిమిదేళ్ళ శ్రమ."

కదిరప్ప పెన్ను తీసుకున్నాడు. తెల్లకాగితం వైపు చూశాడు. పట్టుగుడ్డ మీది కాగితం వైపు చూశాడు. రెండూ చేతికి అందే దూరంలోనే ఉన్నాయి. సార్ అడిగి రెండేళ్ళయింది. వంతు తనది. తనేమో ఆ జవాబును తీసుకెళ్ళి ఆయన నెత్తినే పెట్టాడు.

అతను ముందుకు వంగి, పెన్సిలు గీత కింద, ఇంకుతో, గుండ్రటి అక్షరాల్లో రాశాడు: 'నాదే సార్.'

గోడ మీది ఫ్యాను పూర్తి వేగంతో తిరుగుతున్న చప్పుడు మాత్రం వినపడింది.

"అప్పా," అన్నాడు గంగులప్ప నెమ్మదిగా, "అది రెండు తాళాల కాగితం."

చారిత్రక పత్రమును వికృతపరచినందుకు కదిరప్పకు మెమో ఇచ్చారు. ఏప్రిల్ ఒకటిన రిజిస్ట్రేషన్ రద్దయింది. సార్‌కిచ్చిన మాట మాత్రం తప్పలేదు. ఎనిమిదో అధ్యాయం లేకుండా అతను బైండింగ్ చేయించలేదు. అసలు బైండింగే చేయించలేదు.

ఇది జరిగి మూడేళ్ళయింది. కదిరప్ప ఇప్పుడు కదిరిలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతున్నాడు. పిల్లలు ప్రశ్నలు అడుగుతారు, ఇతను జవాబులు చెబుతాడు, ఒకే గదిలో. ఇంత అదృష్టమేమిటని ఒక్కోసారి అతనికే భయమేస్తుంది.

మొన్న జూలైలో ఒకమ్మాయి స్టాఫ్‌రూముకు వచ్చింది. పేరు షాహీన్ అని, చిత్రావతి విశ్వవిద్యాలయం తత్త్వశాస్త్ర చరిత్ర విభాగంలో పరిశోధక విద్యార్థినినని చెప్పింది. కుర్చీలో కూర్చుని, సంచిలోంచి రిజిస్ట్రేషన్ పత్రం తీసి చూపించింది. అంశం: 'శేషఫణి అంతిమ పుటలోని రెండవ చేతిరాత - ఒక చారిత్రక సమస్య'.

ఇప్పటికి మూడు సిద్ధాంతాలున్నాయట. ఆ ఇంకు రాత పేరు తెలియని ఒక ఉత్తరకాలపు శిష్యుడిదని కొందరంటారు. శేషఫణే ఎడమచేత్తో రాసి తన సంశయాన్ని తానే తీర్చుకున్నారని కుముదిని గారి మతం. మూడోవాళ్ళు అది ఒక దుండగుడి పనంటారు.

షాహీన్ ఆ పేజీ జెరాక్స్ తీసి బల్ల మీద పెట్టింది. 'ఇది నీ మాటేనా?' దాని కింద, 'నాదే సార్.' పెట్టి, కదిరప్ప మొహంలోకి చూస్తూ కూర్చుంది. అంతకుమించి ఏమీ అనలేదు. అనడానికి లేదు. ఆమె చరిత్ర విభాగం మనిషి, ప్రశ్న అడగరాదు. అతను బతికున్నవాడు, జవాబు చెప్పినా రాసుకోవడానికి ఆమె దగ్గర కాలమ్ లేదు.

అటెండరు టీలు తెచ్చాడు. ఇద్దరూ తాగారు. బయట గంట కొట్టారు.

"ఎవురు పంపించినారమ్మా?" అన్నాడు కదిరప్ప చివరికి.

"గంగులప్ప సార్. రిటైరయ్యే రోజు అడ్రస్సు రాసిచ్చినాడు. పోయి ఊరికే కూర్చో, అన్నాడు."

కదిరప్ప నవ్వాడు. బయటికొచ్చేశాక ఆ విశ్వవిద్యాలయం గుర్తొచ్చి నవ్వడం అదే మొదలు. షాహీన్ జెరాక్స్ మడిచి సంచిలో పెట్టుకుని లేచింది. గుమ్మం దాకా పోయింది. అక్కడ ఆగి, వరండాలో అటూ ఇటూ చూసి, వెనక్కొచ్చి మళ్ళీ కూర్చుంది.

"సార్," అంది గొంతు తగ్గించి, "జడకోలాటంలో ఎన్ని తాళ్ళుంటాయి?"

కదిరప్ప కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"పన్నెండమ్మా," అన్నాడు. "ఒకరు పడిపోతే పక్కోళ్ళు రెండు పట్టుకుంటారు."

ఆమె జెరాక్స్ మళ్ళీ బయటికి తీసింది. చెవి వెనకనుంచి పెన్సిలు తీసి అంచులో ఏదో రాసుకుంది. ఆ రోజు వాళ్ళు చీకటిపడేదాకా మాట్లాడుకున్నారు. ఆ సంభాషణ ఏ విభాగానికీ చెందదు కనుక ఎక్కడా నమోదు కాలేదు.